అత్తగారి ‘సరిపడా’ నాకెప్పుడు అర్థమవుతుంది?

కాలిఫోర్నియాలోని శాన్ హోసే నుంచి వచ్చిన ఉత్తరం ఇది. చేత్తో ఆరు పేజీలు రాసి, ఫొటోలు తీసి పంపారు. పేరు వెయ్యొద్దన్నారు.

రాసినావిడకి 34 ఏళ్లు. పుట్టి పెరిగింది కోనసీమలో. నాలుగేళ్ల క్రితం తోటి ఉద్యోగి అయిన వియత్నామీ అబ్బాయిని పెళ్లి చేసుకున్నారు. అత్తగారిది దక్షిణ వియత్నాంలోని బెన్ త్రే. భర్తతో, మూడేళ్ల కూతురితో 1981లో పడవెక్కి దేశం దాటారు. మలేషియాలోని పులావ్ బిడాంగ్ దీవి శిబిరంలో కొన్ని నెలలు ఉండి, తరవాత అమెరికా చేరారు. ఈ పాఠకురాలి భర్త శాన్ హోసేలోనే పుట్టారు. మామగారు ఆరేళ్ల క్రితం పోయారు. 73 ఏళ్ల అత్తగారు ఇప్పుడు వీళ్లతోనే ఉంటున్నారు.

ఇక ఆవిడ మాటల్లోనే: “పోయినేడాది చివర్లో అత్తగారు మెట్ల మీద జారిపడ్డారు. మణికట్టు విరిగింది. దాంతో ఈసారి వాళ్ల కొత్త సంవత్సరం తెత్ పండక్కి బాన్ తెత్ బయట కొన్నాం. జిగురు బియ్యం, పెసరపప్పు, పంది మాంసం అరటాకులో చుట్టి ఉడికిస్తారు. మా ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని మిగతాది పక్కన పెట్టేశాడు. ఏమీ అనలేదు. అత్తగారూ ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ తరవాత ఈ ఇంట్లో ఆ వంట ఉండదు కదా అనిపించింది. నేర్చుకుంటానని అడిగాను. ‘నీకెందుకమ్మా, ఆఫీసు పని చూసుకో’ అన్నారు. అయినా నోట్‌బుక్ పట్టుకుని పక్కన నిలబడ్డాను. నిలబడగానే ఆవిడ చెయ్యి ఆగిపోతుంది. ఎంత వెయ్యాలి అంటే ‘వువా ఆన్’ అంటారు. సరిపడా అని అర్థమట. ఎంతసేపు అంటే అయ్యేదాకా. కొలత చెంచాలు కొనిచ్చాను. వాటితో కాఫీ కలుపుకుంటున్నారు.”

ఇంకా మూడు ముళ్లున్నాయి ఆ ఉత్తరంలో. ఒకటి, ఉత్తరం రాసినావిడ చేపా కోడీ తింటారు గానీ పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టరు. ‘తిననిది ఎలా వండుతావు?’ అని భర్తా అన్నారు, అత్తగారూ అన్నారు. రెండోది, శాక్రమెంటోలో ఉండే ఆడపడుచు. ఓసారి గిన్నెలు కడుగుతూ, “నన్ను ఒక్కరోజు కూడా కత్తి ముట్టుకోనివ్వలేదు మా అమ్మ. నిన్నగాక మొన్న వచ్చిన నీకు నేర్పుతోందా?” అందట. మూడోది, సొంత అమ్మ. సంగతంతా ఫోన్లో చెబితే, “నా దగ్గర ఇరవై నాలుగేళ్లున్నావు, చేపల పులుసు పెట్టడం రాదు నీకు” అని నవ్వారట. “ఆ నవ్వు నాకు గుచ్చుకుంది” అని రాశారు.

చివర్లో అడిగినవి ఇవి. అత్తగారిని ఒప్పించి వీడియోలు తీసుకోనా? వదిలెయ్యనా? ఆడపడుచుకి ఏమని చెప్పను? తినని నేను వండాలనుకోవడం అసలు తప్పా?

* * *

అమ్మా,

ముందు ఆ కొలత చెంచాల సంగతి మాట్లాడుకుందాం. మీ బెంగ సగం అక్కడే ఉంది.

హ్యూస్టన్‌లో మేమున్న పన్నెండేళ్లూ మా పక్కింట్లో ఒక వియత్నామీ పెద్దావిడ ఉండేవారు. ఆవిడా చెంచా వాడేవారు కాదు. చేప సాస్ సీసా వంచి పట్టుకుని, ధార పోస్తూ చెవి ఒగ్గి వినేవారు. నేను కూడా మీలాగే ‘ఎంత?’ అని అడిగాను. ఆవిడ ఇంకో సీసా తెచ్చి, రెండిట్లోంచీ ఒక్కో చుక్క నా అరచేతిలో వేసి నాకమన్నారు. రెండూ చేప సాసే. ఒకటి ఉప్పు కషాయంలా ఉంది. రెండోది కమ్మగా, నాలుక మీద చాలాసేపు నిలిచింది. అప్పుడు తెలిసింది నాకు, నేను అడిగిన ప్రశ్నే సరిగా లేదని.

వాళ్ల నువక్ మామ్ అంటే నెత్తళ్ల లాంటి చిన్న సముద్రపు చేపల్నీ ఉప్పునీ పెద్ద పెద్ద తొట్లలో ఏడాది దాకా ఊరబెట్టి తీసే రసం. ఫూ క్వాక్ దీవి, ఫాన్ థియెత్ దీనికి పేరున్న చోట్లు. సీసా మీద 30, 35, 40 ఇలా ఒక అంకె, పక్కన డిగ్రీ గుర్తు, ఎన్ అనే అక్షరం ఉంటాయి చూడండి. రసంలో మాంసకృత్తుల సారం ఎంతుందో చెప్పే అంకె అది. సీసా మారితే చెంచా లెక్క మారిపోతుంది. చింతపండు కొత్తదా పాతదా అన్నదాన్ని బట్టి మన పులుసు మారదూ? మీ అత్తగారు ‘సరిపడా’ అన్నది మీ దగ్గర దాచడానికి కాదు. ఆవిడకి తెలిసిన నిజమైన కొలత అదే. కోనసీమలో మీ అమ్మ కూడా ‘ఉప్పు చూసి వేసుకో’ అనే అని ఉంటారు. బియ్యంలో నీళ్లకి వేలి కణుపు పెట్టి చూడటం మీ అత్తగారి ఇంట్లో కూడా ఉంటుంది, గమనించండి.

మరి నోట్‌బుక్ చూసి చెయ్యి ఎందుకు ఆగిపోతోంది? ఆవిడకి వంట ఎవరూ మాటలతో నేర్పలేదు. చిన్నప్పుడు ఆకులు గిల్లుతూ, పొయ్యిలోకి కొబ్బరి మట్టలు ఎగదోస్తూ చూసి నేర్చుకుని ఉంటారు. ఇప్పుడు చెయ్యి చేసేపనిని నోటితో చెప్పమంటున్నారు మీరు. నడిచే మనిషిని ‘ముందు ఏ కాలు వేస్తారు?’ అని అడిగితే తడబడినట్టు ఉంటుంది ఆవిడకి. పైగా పెన్ను పట్టుకున్న కోడలు ఎదురుగా ఉంటే పరీక్షకి కూర్చున్నట్టు ఉంటుంది.

ఇంకొకటి కూడా ఉందని నా అనుమానం. 1975 తరవాత ఆ దేశంలో రేషన్ రోజులు. అన్నంలో కర్రపెండలం, చిలగడదుంప, జొన్నల్లాంటి ముతక గింజలు కలుపుకుని తిన్నారు జనం. మీ అత్తగారు పెళ్లయిన కొత్తలో చూసిన వంటిల్లు అది. కిలో మాంసం పొయ్యి మీద పెట్టి ‘నేర్చుకునే అమ్మాయి పాడుచేస్తే పోనీ’ అనుకోవడం ఆ మనిషికి చేతకాదు. మీకు నేర్పడం ఇష్టం లేక కాకపోవచ్చు. గిన్నెలో ఉన్నది వృథా అవుతుందన్న భయం కావచ్చు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏది పట్టుకున్నా ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది.

వీడియోలు తీసుకోవచ్చు. ఆవిడ ఒప్పుకుంటేనే. ఫోన్ని మొహం మీద కాకుండా గిన్నె మీదికి, చేతుల మీదికి తిప్పి, బియ్యం డబ్బాకి ఆనించి వదిలెయ్యండి. శబ్దం కూడా బాగా రికార్డయ్యేలా చూసుకోండి, చాలా సంగతులు శబ్దంలోనే ఉంటాయి. ఇందులో లాభం, ఆవిడ లేని రోజున కూడా ఆ చేతులు మీ మనవలకి కనిపిస్తాయి. నష్టం ఏమిటంటే, వీడియో ఉంది కదా అని మీరు గరిటె పట్టుకోరు. నాకు తెలిసిన రెండిళ్లలో అలాంటి వీడియోలు ఫోన్లలోనే ఉండిపోయాయి. వాసన, రుచి వాటిలో రావు.

కొలతలు రాసుకోవాలనే ఉంటే, ఆవిడని అడక్కుండా రాసుకునే ఉపాయం ఒకటి చెబుతాను. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనండి. వంట మొదలయ్యే ముందు చేప సాస్ సీసా, పంచదార డబ్బా, నూనె సీసా తూచి రాసుకోండి. ఆవిడ పద్ధతిలో ఆవిడ వండుకుంటారు. అయ్యాక మళ్లీ తూచండి. తేడానే ఆవిడ ‘సరిపడా’. పక్కన సీసా బ్రాండు, దాని మీది అంకె కూడా రాయండి. నాలుగైదు సార్లు తూచేసరికి మీకే తెలుస్తుంది, ఆవిడ చెయ్యి ఎంత నిలకడగా ఉందో, ఏ రోజున ఎందుకు మారిందో. ఇది చాటుగా చేసే పని కాదు, ఏం చేస్తున్నారో ఆవిడకి చెప్పే చెయ్యండి. ప్రశ్నలు మాత్రం ఉండవు. ఆవిడ చెయ్యి ఆగదు.

రెండో దారి, ఏమీ అడక్కుండా సాయం చేసే మనిషిగా చేరిపోవడం. ఆకులు కడగడం, గుడ్లు ఒలవడం, వెల్లుల్లి దంచడం, నురగ తీయడం. ఆవిడ మణికట్టు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు కాబట్టి ఇప్పుడు సాయం నిజంగానే కావాలి. ‘నేర్పండి’ అంటే ‘ఎందుకమ్మా’ అన్నావిడ, ‘ఈ గిన్నె నేను దింపుతాను’ అంటే కాదనరు. ఈ దారిలో చెయ్యి బాగా తిరుగుతుంది. కానీ చాలా నెమ్మది. ఆదివారాలు మాత్రమే దొరికే మీకు ఏడాది పడుతుంది. ఆవిడకి 73. ఆ లెక్క మీకూ తెలుసు, అందుకే నిద్ర పట్టలేదు.

మూడోది, మీరే వండి ఆవిడ ముందు పెట్టడం. నా మనసు దీని వైపే ఉంది. నేర్పడం రాని పెద్దవాళ్లు కూడా దిద్దకుండా ఉండలేరు. బాగాలేని పులుసు ముందు పెట్టి చూడండి, నోట్‌బుక్ ముందు మూగబోయిన మనిషి కుర్చీలోంచి లేచి వస్తుంది. ఇందుకు మీకు నాలుగు మాటలొస్తే చాలు: మాన్ అంటే ఉప్పెక్కువ, లాట్ అంటే చప్పన, చువా అంటే పులుపు, ఙోట్ అంటే తీపి. ఆవిడ ‘లాట్’ అని సీసా మీ వైపు తోస్తారు. మీరు పోస్తారు. మళ్లీ రుచి చూస్తారు. ఆ రెండు నిమిషాల్లో నేర్చుకున్నది రెండు నెలల నోట్సులో దొరకదు. కాకపోతే మనసు గట్టి చేసుకోవాలి. ‘ఇది తినేలా లేదు’ అని ఆ ఇళ్లలో మొహం మీదే అనేస్తారు, మన ఇళ్లలాగే. మీ ఆయన ఆ సమయంలో నవ్వకుండా ఉండాలి. అది ముందే ఆయనతో మాట్లాడుకోండి.

ఏ వంటతో మొదలుపెట్టాలంటే, నేనైతే పంది మాంసంతో మొదలుపెట్టను, బాన్ తెత్‌తో అసలే మొదలుపెట్టను. అక్కడివాళ్లు చాలామంది చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు మాంసం మానేస్తారు. అంటే మన లెక్కలో దాదాపు అమావాస్య, పౌర్ణమి రోజులు. దాన్ని ఆన్ చాయ్ అంటారు. చాయ్ అంటే అక్కడ శాకాహారం. మీ అత్తగారు బౌద్ధులైతే ఈ అలవాటు ఉండే ఉంటుంది, అడిగి చూడండి. ఆ రోజుల్లో టోఫూని, అంటే సోయా పాలతో చేసే పనీర్ లాంటిదాన్ని, ‘ఖో’ చేస్తారు. ఖో అంటే చేప సాస్‌లోనో, శాకాహారమైతే సోయా సాస్‌లోనో, మాడీ మాడని పంచదార పాకంలో సన్నని సెగ మీద ఇగరబెట్టడం. టోఫూకైనా, మట్టి దాకలో పెట్టే చేపకైనా, తెత్ నాటి పంది మాంసానికైనా కిటుకు ఒక్కటే. అది టోఫూ మీద నేర్చుకోండి. చవక, పాడైనా ఆవిడ గుండె ఆగదు, మీరు రుచి చూడొచ్చు. ఆ తరవాత చేప. మాంసం చివర.

ఆ పాకమే అన్నిటికీ ప్రాణం, అందుకని కాస్త వివరంగా చెబుతాను. అడుగు మందంగా ఉన్న చిన్న గిన్నె తీసుకోండి. రెండు చెంచాల పంచదార, ఒక చెంచా నీళ్లు. మధ్యస్తంగా మంట. గరిటె పెట్టొద్దు, గిన్నెనే పట్టుకుని తిప్పండి. ముందు తెల్లటి పెద్ద బుడగలు. తరవాత తేనె రంగు. ఇక్కడ చాలామంది భయపడి దించేస్తారు, అప్పుడు కూరకి తీపి తప్ప రంగు రాదు. ఇంకొంచెం ఆగండి. టీ డికాషన్ రంగుకి వస్తుంది. బుడగలు చిన్నవై నురగలా లేస్తాయి. అంచున సన్నటి పొగ మొదలవుతుంది, తియ్యటి వాసన కాస్త చేదు వైపు తిరుగుతుంది. అదీ క్షణం. వేడి చేసి పెట్టుకున్న కొబ్బరి నీళ్లు అప్పుడు పొయ్యాలి. బుస్సుమని చిమ్ముతుంది, చెయ్యి దూరంగా పెట్టండి. పది సెకన్లు ఆలస్యమైతే నల్లబడి చేదెక్కుతుంది. దాన్ని బాగుచేసే మార్గం లేదు, పారబోసి మళ్లీ పెట్టాలి. రెండు చెంచాల పంచదారే కదా. పది సార్లు పారబోసినా ఫరవాలేదు. అరిసెల పాకం దించే అదును మీ అమ్మ ఏ పుస్తకంలో చూసి చెప్పేవారు? ఇదీ అంతే, కళ్లకి అలవాటు కావాలి.

కొబ్బరి నీళ్లు అన్నాను, కొబ్బరి పాలు కాదు. మనవాళ్లు ఇక్కడ పొరబడుతుంటారు. మీ అత్తగారి ఊరు బెన్ త్రే అంటే వియత్నాంలో కొబ్బరికి పెట్టింది పేరు. డెల్టా, కాలువలు, గట్ల మీద కొబ్బరి చెట్లు. మీ ఊరి ఫొటోలు ఆవిడకి ఎప్పుడైనా చూపించారా? ఉత్తరంలో ఆ మాట లేదు. చూపించి ఉండకపోతే ఈ వారమే చూపించండి. మీ ఇద్దరి మధ్య భాష తక్కువ, కానీ కొబ్బరి దింపే మనిషి ఫొటో చూస్తే ఆవిడకి చెప్పడానికి చాలా ఉంటుంది.

ఇక తినని మీరు వండటం. తప్పు కాదమ్మా. ఇక్కడ మీ అనుమానం నాకు కొంచెం ఆశ్చర్యం కలిగించింది. ఎందుకంటే మీరు పుట్టిన ఇంట్లో రుచి చూడకుండా వండటం కొత్త కాదు. నైవేద్యానికి పులిహోర, చక్రపొంగలి చేసేటప్పుడు ఎవరైనా నోట్లో వేసుకుని చూస్తారా? వాసన చూసి, రంగు చూసి, గరిటెకి అంటుకున్న తీరు చూసి ఉప్పు సరిపోయిందని చెప్పేవాళ్లని మీరు చిన్నప్పటి నుంచి చూసి ఉంటారు. వాళ్ల థిత్ ఖో ఉంది కదా, పంది మాంసం, గుడ్లు కొబ్బరి నీళ్లలో రెండు గంటలు ఉడికించేది, దానికీ అదే చూపు పనికొస్తుంది. మూత పెట్టకుండా, పైకొచ్చిన నురగ తీసేస్తూ సన్నని సెగ మీద ఉంచుతారు. రసం తేటగా తేనె రంగులో ఉండాలి. గుడ్డు పైపొర ఆ రంగు పట్టాలి. మాంసానికి పుల్ల గుచ్చితే తేలిగ్గా దిగాలి. ఇవన్నీ కంటితో చూసేవే. ఉప్పు చూడటానికి మీ ఆయన పక్కన నిలబడాలి. తన ఇంటి వంట తనకి కావాలనుకుంటే ఆ మాత్రం ఆదివారం వంటింట్లో గడపాలి ఆయన. నిజానికి ఉత్తరమంతా చదివాక నాకు తట్టిన ప్రశ్న ఇది: నేర్చుకోవాల్సిన మనిషి మీరొక్కరేనా? కొడుకు ఎందుకు కాదు? ఆయనకి నాలుక ఉంది, మీకు చెయ్యి ఉంది. ఇద్దరూ కలిసి దిగితే ‘తిననిది ఎలా వండుతావు’ అన్న మాటే ఉండదు.

ఒకవేళ పంది మాంసం చేత్తో ముట్టుకోవడమే మీకు కష్టమనిపిస్తే, అది మొహమాటపడి దాచుకోకండి. ఆయన కోస్తారు, మీరు పొయ్యి చూసుకుంటారు. లేదా ఆ ఒక్క వంట పూర్తిగా ఆయనకే వదిలేసి, కాన్ చువా అనే వాళ్ల చేపల పులుసు మీరు తీసుకోండి. ప్రేమతో మొదలుపెట్టిన పని ఒంటికి పడకపోతే ఏడాది తిరిగేసరికి విసుగవుతుంది, ఆ విసుగు అత్తగారికి తగులుతుంది.

కాన్ చువా అంటే మీకు సగం వచ్చిన వంటే. చింతపండు రసంలో చేప, టమాటా, బెండకాయ, అనాసపండు, మొలకెత్తిన పెసలు, చేమ జాతి కాడలు. గోదావరి జిల్లాల్లో చేపల పులుసులో బెండకాయలు వేసే ఇళ్లున్నాయి, మీకు చెప్పక్కర్లేదు. తేడా ఎక్కడంటే, మన పులుసు చిక్కగా మర్నాటికి బాగుంటుంది, వాళ్లది పల్చగా, తేటగా, అప్పటికప్పుడు తాగేలా ఉంటుంది. కూరముక్కలు కరకరలాడుతుండగానే దించాలి. మీ చెయ్యి అలవాటుగా ఇంకో పావుగంట మరిగిస్తుంది, అక్కడ జాగ్రత్త. చివర్లో ఙో ఓమ్ అనే ఆకు తుంచి వేస్తారు, నిమ్మ, జీలకర్ర కలిసిన వాసన. అది లేకపోతే కొత్తిమీరతో సరిపెట్టకండి, ఆ రుచి రాదు. మీ ఊళ్లో దొరక్కపోవడమన్నది ఉండదు. వియత్నాం బయట మరే నగరంలోనూ లేనంతమంది వియత్నామీలు ఉన్నది శాన్ హోసేలోనే. చేమ కాడలు మాత్రం వాళ్ల దుకాణంలోనే బాక్ హా అని అడిగి కొనండి. మామూలు చేమ కాడ వేస్తే గొంతు దురద పెడుతుంది.

ఇప్పుడు మీ ఆడపడుచు. నేను ఎక్కువ ఆలోచించింది ఈమె గురించే.

మూడేళ్ల పిల్లగా పడవెక్కింది ఆ అమ్మాయి. ఆమెకి పన్నెండేళ్లు వచ్చేసరికి తమ్ముడు రెండేళ్లవాడు. మీ అత్తగారు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేసేవారని రాశారు. శాన్ హోసేలో ఆ తరం వియత్నామీ తల్లులు ఎంతోమంది ఆ అసెంబ్లీ లైన్ల మీదే పిల్లల్ని పెంచారు. పొద్దున వచ్చి, వండి, పడుకుని, మళ్లీ వెళ్లే తల్లికి పక్కన నిలబెట్టుకుని నేర్పే తీరిక ఎక్కడుంటుంది? ‘కత్తి ముట్టుకోకు, వెళ్లి చదువుకో’ అన్నది ఆవిడ దృష్టిలో పిల్ల బతుకు బాగుండాలన్న కోరిక. పిల్లకి మాత్రం వంటింటి తలుపు మూసినట్టే వినిపించింది. మీ అత్తగారు మీతో అన్న ‘నీకెందుకమ్మా, ఆఫీసు పని చూసుకో’ కూడా అదే మాట, గమనించారా? మీకూ ఆమెకీ ఒకే జవాబు వచ్చింది. మీరు పెద్దయ్యాక విన్నారు కాబట్టి నోట్‌బుక్ తెచ్చుకున్నారు. ఆమె పన్నెండేళ్లప్పుడు విని లోపలికి వెళ్లిపోయింది.

అందుకని ఆమె కోపం మీ మీద కాదు. అలాగని ఆ సంగతి మీరు ఆమెకి వివరించకండి, అత్తగారికి అస్సలు చెప్పకండి. తల్లీ కూతుళ్ల మధ్య మధ్యవర్తిగా కోడలు దూరితే ఎవరికీ మంచి జరగదు.

మీరు చేయగలిగినవి రెండు మూడున్నాయి. ఒకటి, ఏమీ అనకుండా మీ నేర్చుకోవడం మీరు సాగించడం. అప్పుడు గొడవ ఉండదు గానీ, ప్రతి తెత్‌కీ మీ గిన్నె చూసి ఆమె మొహం చిన్నబోతుంది. రెండోది, ఆమె మనసు నొచ్చుకుంటుందని మీరు మానేయడం. దాంతో ఆమెకి ఒరిగేదేమీ లేదు, వంట ఇద్దరికీ పోతుంది. మూడోది, సాయం అడగడం. బాధపడుతోందని పిలవడం కాదు, నిజంగా అవసరం ఉండి పిలవడం. మీ ఆయనకి వియత్నామీస్ అంతంతమాత్రమే అన్నారు. మీ ఇంట్లో అత్తగారి మాట పూర్తిగా అర్థమయ్యేది ఆమెకే. “వదినా, అత్తయ్య ఏదో అంటారు, నాకు సగమే తెలుస్తోంది. నెలకో ఆదివారం రాగలరా, లేకపోతే వీడియో కాల్లోనైనా ఉండగలరా?” అని అడగండి. ఆమె రాకపోవచ్చు. ‘నాకు తీరిక లేదు’ అనొచ్చు. అంటే బతిమాలకండి. కాటా లెక్కలు రాసిన కాగితం ఫొటో తీసి పంపండి, ‘ఇది కరెక్టేనా చూడండి’ అని. ఎనిమిదేళ్ల వయసులో తిన్న రుచి ఆమె నాలుక మీద ఉంటుంది. మీకు లేని ఆస్తి అది. ఒకరోజు ‘ఇందులో మిరియాలు మర్చిపోయావు’ అని జవాబు వస్తే చాలు.

వస్తే మాత్రం, ఆ రోజు కత్తి ఆమె చేతికివ్వండి. మీరు గిన్నెలు కడగండి.

బాన్ తెత్ సంగతి. ఇది ఒక్కరు చేసే వంట కాదు, అందుకే మీ అత్తగారు విరిగిన మణికట్టుతో మానేశారు. రాత్రంతా బియ్యం నానాలి, అరటాకు తుడిచి మెత్తబరచాలి, చుట్టి, దారంతో బిగించి కట్టాలి. ఆపైన ఎనిమిది, పది గంటలు ఉడకాలి. నీళ్లు తగ్గినప్పుడల్లా మరిగే నీళ్లే పొయ్యాలి. చుట్టడం వదులైతే నీళ్లు దూరి ముద్దవుతుంది, మరీ బిగిస్తే లోపల బియ్యం పలుకుగా మిగులుతుంది. పనసాకు బుట్టలు కుట్టి పొట్టెక్కలు పెట్టే సీమ పిల్ల మీరు, ఆకుతో పని మీ వేళ్లకి త్వరగానే వస్తుంది. అరటిపండుతో చేసే రకం కూడా ఉంది, కొబ్బరి పాలలో వేయించిన జిగురు బియ్యం, నల్ల చిక్కుడు గింజలు, మధ్యలో అరటిపండు. ఆ రకం మీరు తినొచ్చు. వచ్చే తెత్‌కి ముందు ఒక వారాంతం నాలుగంటే నాలుగే కట్టి చూడండి. అత్తగారు కుర్చీలో కూర్చుని చెబుతారు, మీరూ మీ ఆయనా కడతారు, ఆడపడుచు వస్తే ఆమె కూడా. మొదటి ఏడాది వంకరగా వస్తాయి. కొన్నవి కూడా పెట్టుకోండి పండక్కి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మీ అమ్మ గుచ్చిన నవ్వుకి నా దగ్గర మందు చిన్నదే. కాన్ చువా పెట్టిన రోజు సాయంత్రం అమ్మకి ఫోన్ చెయ్యండి. అక్కడ తెల్లారి ఉంటుంది. ‘అమ్మా, పులుసుకి చింతపండు ఎంత నానబెడతావు?’ అని అడగండి. ఆవిడ కూడా ‘సరిపడా’ అంటారు చూడండి. నవ్వొస్తే ఇద్దరూ నవ్వుకోండి, కానీ అడగడం మానకండి. ఆవిడ వంటింట్లో ఇరవై నాలుగేళ్లున్నా అడగని ప్రశ్న ఇప్పుడు వేరే తల్లిని అడుగుతున్నారని ఆవిడకి కష్టంగా ఉంది. అడిగితే పోయేదే అది.

ఒక సంగతి మీరు మూడో పేజీలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. వచ్చే నెలలో మామగారి ‘యో’ వస్తుందని. అంటే చనిపోయిన తిథి. మన తద్దినంలాగే చాంద్రమానం ప్రకారం వస్తుంది, పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి, ఇంట్లో వాళ్ల ఫొటో ముందు పెట్టి, ధూపం వెలిగించి, ఆ తరవాత అందరూ కూర్చుని తింటారు. ఆడపడుచు ఎలాగూ ఆ రోజు వస్తుంది. వంట గురించి అత్తగారిని ఏదైనా అడగాలనుకుంటే, ‘ఎంత, ఎంతసేపు’ అని కాకుండా ముందు ఆ రోజు ఇదొక్కటి అడగండి: “బా థిక్ ఆన్ యీ?” నాన్నగారికి ఏం తినడం ఇష్టం అని. నాలుగు సార్లు పలికి, మీ ఆయన దగ్గర సరిచేసుకోండి. ఆవిడ జవాబు పొడుగ్గా ఉంటుంది, సగం మీకు అర్థం కాదు. నోట్‌బుక్ గదిలోనే వదిలేసి వెళ్లండి. గుడ్లు ఉడికి ఉంటాయి, ఒలుస్తూ వినండి.